పాస్టరమ్మ కుబుసం విడిచిన పూట

“ఆ డబ్బా నువ్వు పారేస్తావా, నన్ను పారెయ్యమంటావా?”

ఇంటి ఓనరు అశ్వత్థప్ప గది మధ్యలో నిలబడి అరిచాడు. కరుణ కిటికీకి అడ్డంగా రెండు చేతులూ చాపింది. మధ్యాహ్నం రెండు గంటలకి ఆసుపత్రిలో ఆమె డ్యూటీ. నర్సు యూనిఫాం వేసుకుని, ఒక కాలికి చెప్పు తొడుక్కునేసరికి ఆయన మేడ ఎక్కి వచ్చాడు.

“అంకుల్, ప్లీజ్! ఇప్పుడు కదిపితే చచ్చిపోతుంది.”

“సావనీ. మా వంటింట్లో యాడ జూసినా నీ ఈగలే. పొద్దున కాఫీలో నాలుగు పడినాయి. మన హూడి ఏరియాలో ఇన్ని ఇండ్లుండాయి, ఎవురన్నా ఈగల్ని సాకుతారామ్మా?”

సాకుతున్న మాట నిజమే. మగ్గిన అరటిపండు సీసాలో వేసి, మూతికి గుడ్డ కట్టి, ఆవగింజంత ఈగల్ని పెంచుతోంది. నిన్న ఆ గుడ్డ జారిపోయింది. ఈగలన్నీ కిటికీ గట్టు మీద పొడవాటి డబ్బాలో ఉన్న పిల్ల గొల్లభామ కోసమే. ముందుకాళ్ళు జోడించి ఎప్పుడూ ప్రార్థనలో ఉన్నట్టుంటుందని దానికి పాస్టరమ్మ అని పేరు పెట్టుకుంది.

“పెద్ద పురుగుల్ని వేస్తే ఇంత పిల్లని అవే కొరికేస్తాయి అంకుల్. అందుకే చిన్న ఈగలు. మూడు రోజుల్నుంచి ఇది అవీ తినట్లేదు. చూడండి, కుబుసం విడుస్తోంది. ఇప్పుడు కింద పడితే ఒళ్ళంతా వంకరపోతుంది.”

“ఎంతసేపు?”

“అరగంట.”

“అరగంటే. ఆ పైన నీ పురుగూ ఉండగూడదు, నువ్వూ ఉండగూడదు. వేరే ఇల్లు చూసుకో.” కుర్చీ లాక్కుని, కాపలా కాస్తున్నట్టు డబ్బాకెదురుగా కూర్చున్నాడు.

డబ్బా మూతికి కట్టిన దోమతెర పట్టుకుని గొల్లభామ తలకిందులుగా వేలాడుతోంది. వీపు మీద చర్మం చిట్లింది. లోపల్నుంచి లేతాకుపచ్చ ఒళ్ళు కొద్దికొద్దిగా కిందికి జారుతోంది. కరుణ ఫోన్ చూసుకుంది. పన్నెండూ నలభై. ఒంటిగంటకి బస్సు. కూర్చుంది. లేచింది. నీళ్ళ సీసా తెరిచి, తాగకుండానే మూసింది.

“ఏమి, ఆగిపోయిందే?” అన్నాడు అశ్వత్థప్ప.

ముందుకాలు ఒకటి పాత చర్మంలో ఇరుక్కుంది. గొల్లభామ గింజుకుంది. కాసేపాగి మళ్ళీ గింజుకుంది.

“నర్సువి గదా, ఏమన్నా చెయ్యమ్మా!”

“చెయ్యి పెడితే కాలు ఊడొస్తుంది అంకుల్. ఆ కాలు లేకపోతే ఈగని పట్టుకోలేదు.” కరుణ డబ్బా మీదికి వంగింది. “వార్డులో రోజంతా సిస్టర్, సిస్టర్ అని పిలుస్తూనే ఉంటారు. గదికొస్తే తల తిప్పి నా వైపు చూసేది ఇదొక్కటే.”

ఆయన లేచి ఫ్యాను ఆపాడు. కింద వీధిలో ఎవరో బైకు రయ్యిమనిపిస్తే వరండాలోకి పరిగెత్తి, “సుమ్నే పోవయ్యా, సద్దు చెయ్యకుండా!” అని కసిరి వచ్చాడు. మళ్ళీ కూర్చుని మోకాళ్ళ మీద పిడికిళ్ళు బిగించాడు.

ఒంటిగంట దాటింది. కరుణకి బస్సు సంగతే గుర్తు రాలేదు.

ఉన్నట్టుండి గొల్లభామ ఒక్క గుంజు గుంజింది. కాలు బయటపడింది. తను విడిచిన చర్మాన్నే పట్టుకుని కాసేపు వేలాడి, తడికాళ్ళు రెండూ దగ్గరికి చేర్చుకుని, ముక్కోణపు తలని మెల్లగా అశ్వత్థప్ప వైపు తిప్పింది.

“నన్నే జూస్తా ఉండాది,” అన్నాడాయన, గట్టిగా అంటే అది బెదురుతుందేమో అన్నట్టు.

తలుపు దబదబ మోగింది. వీపుకి ట్యాంకు తగిలించుకుని, చేతిలో గొట్టం పట్టుకున్న మనిషి లోపలికి తొంగిచూశాడు.

“పురుగుల మందు కొట్టడానికొచ్చినా సార్. మేడ మీద గదిలో ఒక్క పురుగు కూడా మిగలగూడదని పొద్దున ఫోన్ చేసినారు. అశ్వత్థప్ప ఇల్లు ఇదే గదా?”

కరుణ డబ్బాకి అడ్డంగా జరిగింది. ఓనరు లేచి వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

“అశ్వత్థప్పనా? ఆ పేరుగలోళ్ళు ఈ ఇంట్లో ఎవురూ లేరప్పా.”