చాచిన చెయ్యి

పిల్లలు కరువైన దేశాల్లో పల్లెబడులు మూతపడకుండా మనవాళ్ళు స్వచ్ఛందంగా విద్యార్థులై వెళ్తున్న రోజులవి. సోంపేట దమయంతి కూడా యాభై దాటాక అలాగే జపాన్‌లో ఒక కొండపల్లెకు వెళ్ళింది. బడి మూసేస్తే ఆ ఊరికి బస్సు కూడా రాదట.

ముసలి మిచికో టీచరు పదమూడో ఎక్కం అడిగింది. చెవిలోని అనువాద యంత్రం తెలుగులో వినిపించింది గానీ, దమయంతికి ఎక్కం రాలేదు. చిన్నప్పటి అలవాటు కొద్దీ లేచి, కళ్ళు గట్టిగా మూసుకుని అరచెయ్యి చాచింది.

బెత్తం పడలేదు. టీచరు తెల్లబోయి, ఆకలేమో అనుకుని, తన డబ్బాలోని కమలాపండు ఆ చేతిలో పెట్టింది.

"మా సారు మీలాటోరైతే నాను నాలుగుతోనే బడి మానేద్దునేటి మేడమ్," అంది దమయంతి.

టీచరు ఖాళీ బెంచీల వైపు చూసింది.

"అయితే ఐదో తరగతి బెంచీ అదిగో. వెళ్ళి కూర్చోమ్మా."