ఎల్‌తో మొదలయ్యే పాటలు

కొట్లో ఎల్ అక్షరంతో మొదలయ్యే ఇంగ్లీషు పాటలు పెడితే కలిసొస్తుందని న్యూమరాలజీ ఆయనెవరో చెప్పాడట. నరసన్నపేటలో చీరల కొట్టు నడిపే మా ఆయన ఉపేంద్ర నమ్మేశాడు.

ఆ పాటలు వెతికి ఎక్కించే పని నాకు అప్పజెప్పాడు. కొట్లో కూర్చుంటానంటే మాత్రం, “నీకేటి తెలుసే యాపారం?” అంటాడు, అదీ బేరానికొచ్చినవాళ్ల ముందే.

ఏడాదిగా అవే పాటలు. ఆయనకి అర్థం తెలీదు, నన్నడగడు. పైగా బుర్ర ఊపుతూ తనూ పాడతాడు. చీర అమ్ముడైతే గొంతు ఇంకాస్త పెంచుతాడు.

ఇవాళ బ్యాగు పట్టుకుని కొట్టు ముందే ఆటో ఎక్కాను. చీర మడతపెడుతున్న మా ఆయన తలెత్తాడు.

“సెప్పాపెట్టకుండా ఎక్కడికే?”

“ఏడాదిగా సెప్తన్నాను. మీరూ పాడతన్నారు కదా.”

ఆయనకేమీ అర్థం కాలేదు. ఈలోగా ఎవరో చీరలకొచ్చారు. అటు తిరిగిపోయాడు.

ఆటో కదిలేసరికి స్పీకర్లో ఇంకో పాట మొదలైంది. నేనేరిన పాటలన్నిట్లో లాగే ఇందులోనూ ఓ ఆడమనిషి, నీతో వేగలేను, వెళ్లిపోతున్నానని మొగుడికి చెబుతోంది.

మా ఆయన హుషారుగా గొంతు కలిపాడు.