నర్సక్క చేనిలో రాయి

“ఛీ! ఇది సర్వే కాదు, దగా!”

చేనిలో పాతిన ఎర్రజెండాను చూసి సదానందం అసహ్యంతో ముఖం తిప్పుకున్నాడు.

జివతి కొండల్లోని ఆ పత్తిచేను ఆయన చెల్లెలు నర్సక్కది. బ్యాటరీలకు కావలసిన ఖనిజాలను స్వదేశంలోనే తవ్వి తీయాలని కొత్త చట్టం వచ్చింది. దాని కింద సర్వే జరిపి, వేలం వేయబోయే గని హద్దులో ఈ చేనిని కూడా కలిపారు. ఆధారం, అక్కడ దొరికిన ఒక్క ఊదారంగు లిథియం రాయి. కబురు అందగానే సదానందం మాజ్రి నుంచి బస్సెక్కాడు. బొగ్గుగని ప్రయోగశాలలో పనిచేసి రిటైరైన ఆయన ఇంట్లో అలమర నిండా రాళ్లే. ఎవరూ తారుమారు చేయకుండా ప్రతి రాయి అడుగునా తెల్లరంగు చుక్క పెట్టుకునేంత పద్ధతి గల మనిషి.

“ఊరోళ్లను ఒక్కమాటన్న అడగరా అన్నా?” నర్సక్క కొంగుతో కళ్లొత్తుకుంది.

“గసుంటి ఖనిజానికి ఊరి సభ అక్కర్లేదు మౌసీ. కాయదా గట్లనే ఉంది,” అన్నాడు సర్వే అధికారి సచిన్.

“నీ చట్టం తర్వాత! ఇది సున్నపురాయి నేల బాబూ. లిథియం రాయి ఈడ పుట్టదు. పుట్టనిది దొరికిందంటే, ఎవడో తెచ్చి పెట్టిండన్నట్టే.”

“ఎవరు పెడతరు కాకా?”

సదానందానికి సందేహమే లేదు. గట్టుమీద బీడీ కాలుస్తున్న బాపయ్యకేసి వేలు చూపాడు. “వీడే!”

అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచి, అది లేచి నిలబడ్డ చోట నీళ్లున్నాయని చెప్పడం బాపయ్య వృత్తి. చట్టం మాట చెవిన పడగానే బ్యాటరీ రాయినీ పట్టిస్తానని బయలుదేరాడు. నిరుడు సదానందం ఇదే చేనిలో అతనికి పరీక్ష పెట్టాడు. తాను దాచినదాన్ని కనిపెట్టమన్నాడు. కొబ్బరికాయ ఆ మూల నుంచి ఈ మూలకు ఊరేగి, చివరికి ఉత్త మట్టిపెడ్డల మీద నిలబడింది. ఊరంతా విరగబడి నవ్వింది. నర్సక్క కోడిని కోసింది. సదానందం చివరి బస్సు హారను మోగేదాకా సైన్సు గొప్పతనం చెబుతూనే ఉన్నాడు.

“పరువు పోయిందని పగబట్టి, నా చెల్లె నోట్ల మన్ను కొట్టినవ్ కదరా!”

“నా తాన కొబ్బరికాయ తప్ప ఏమున్నది సారూ? గా రాయి ఎట్లుంటదో గూడ నేను సూడలే. బీడీలకే పైసల్లేవు, రాళ్లేడ కొంట?”

“మూర్ఖుడు! నేల గుణం తెలవనోడే గిట్ల చేస్తడు.”

“అన్నా, రుజువు చేస్తే నా చేను నాకు దక్కుతదా?” నర్సక్క అన్న చెయ్యి పట్టుకుంది.

సచిన్ భుజాలు కదిలించాడు. “పెట్టినోడెవడో తేలితే నీ చేనును హద్దుల్లోంచి తీసేస్తం మౌసీ. వాని మీద కేసు గూడ పెడతం.”

“పెట్టాలె! జైల్ల వెయ్యాలె!” సదానందం చెయ్యి చాపాడు. “తియ్యి రాయి. పెట్టినోని గుర్తు దాని మీదనే దొరుకుతది.”

సచిన్ సంచి విప్పి, మట్టి పట్టిన రాయిని ఆయన అరచేతిలో పెట్టాడు. నర్సక్క దగ్గరకు జరిగింది. బాపయ్య బీడీ ఆర్పి లేచి వచ్చాడు. సదానందం రాయిని తిరగేసి, గట్టిపడిన మట్టిని బొటనవేలితో గీకాడు.

అడుగున తెల్లని చుక్క ఉంది.