ఐదుకి నాలుగు

డాక్టర్ ఉదయలక్ష్మి చెప్పడం ముగించేసరికి టార్నీట్ ఊళ్ళోని తెలుగువాళ్ళ గుడి కమిటీలో తొమ్మిది మందీ తలో దిక్కు చూస్తున్నారు. ఉన్న ఎనిమిది దిక్కులూ చాలక ఒకాయన పైకప్పు చూశాడు.

గుడి అంటే టైర్ల కొట్టు పక్కన రేకుల షెడ్డు. ఆదివారం మధ్యాహ్నం ప్రసాదాలయ్యాక అందులోనే మడత కుర్చీలు వేసుకుని మీటింగు. ఉదయలక్ష్మి కమిటీ మనిషి కాదు. రిటైరయ్యాక నెలకి రెండుసార్లు జైలుకి వెళ్ళి, మనవాళ్ళెవరైనా ఉంటే పలకరించి వస్తుంటుంది.

ఆమె తెచ్చిన కబురు ఇదీ. లోపల ఒక తెలుగు కుర్రాడున్నాడు. ఇరవయ్యారేళ్ళు. మ్యూజిక్ ఫెస్టివల్‌కి స్నేహితుల కోసం మత్తు మాత్రలు పట్టుకెళ్ళి దొరికిపోయాడు. వంటశాలలో సేవకి పెట్టుకుంటామని గుడి కమిటీ సంతకం చేస్తే పెరోల్ మీద దీపావళికి బయటికొస్తాడు. లేదంటే ఇంకో పద్నాలుగు నెలలు లోపలే.

"పేరు మాత్రం మీరు ఒప్పుకున్నాకే చెప్పాలి. అది రూలు," అంది.

కార్యదర్శి లక్ష్మీనారాయణ గారు గొంతు సవరించుకున్నారు. డ్రగ్స్ కేసుల్లో శిక్షలు పెంచమని పోయినేడు ప్రభుత్వానికి అర్జీ రాసింది ఆయనే. గుమ్మం దగ్గర కాపలా కాసి, సంతకం పెట్టందే ఎవరినీ చెప్పులు విప్పనివ్వలేదు.

ఆయన నోరు తెరిచేలోపే అధ్యక్షులు యోగానంద్ గారు లేచారు. ఆ మోకాళ్ళతో ఆయన అంత చురుగ్గా లేవడం ఆ షెడ్డు ఎప్పుడూ చూడలేదు.

"కుదరదు," అన్నారు. "మత్తు మాత్రలు మోసిన చేతులతో స్వామికి పులిహోర కలుపుతాడా? అలాంటివాళ్ళని అక్కడే ఉండనివ్వండి. రెండు పూటలా తిండి గవర్నమెంటే పెడుతోందిగా."

ఉదయలక్ష్మి ఆయన వంక నోరు తెరుచుకుని చూసింది.

ఆ కమిటీ సంగతి కాస్త చెప్పాలి. యోగానంద్ గారూ లక్ష్మీనారాయణ గారూ ఏడేళ్ళుగా ఏ విషయంలోనూ ఒక్క మాట మీద నిలబడింది లేదు. పులిహోరలో పల్లీలా జీడిపప్పా అన్నదాని మీద మూడు మీటింగులు, ఒక ఉపసంఘం, ఒక రాజీనామా నడిచాయి. అధ్యక్షులవారితో కలిపి ఇటు నలుగురు. కార్యదర్శిగారితో కలిపి అటు ఐదుగురు. ఇవాళ ఆదివారం అని యోగానంద్ గారు తీర్మానం పెట్టినా ఐదుకి నాలుగుతో వీగిపోతుంది.

ఆ లెక్కన లక్ష్మీనారాయణ గారు అంతెత్తున లేవాలి. లేవలేదు. పోయినేటి అర్జీ గొంతుకి అడ్డం పడింది.

"చూడండి," అన్నారు, కషాయం తాగినట్టు మొహం పెట్టి. "ఈ ఒక్క విషయంలో అధ్యక్షులవారు చెప్పిందాంట్లో కొంత..."

యోగానంద్ గారి మొహం పాలిపోయింది. గభాలున మినిట్స్ రాసే భానుప్రసాద్ వైపు తిరిగారు.

"రాసుకో బాబూ. ఇన్నాళ్ళకి కార్యదర్శిగారు నా మాటే రైటని ఒప్పుకున్నారు. వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టు. బుద్ధి రావడానికి ఏడేళ్ళు పట్టింది గానీ, మరీ ఆలస్యమేం కాదు."

"బోల్డ్‌లో పెట్టమంటారా అంకుల్?"

"పెట్టు."

ల్యాప్‌టాప్ టకటకలాడింది. లక్ష్మీనారాయణ గారి చెవులు ఎర్రబడ్డాయి.

"ఆపవయ్యా," అన్నారు. "నేనెప్పుడు ఒప్పుకున్నాను? పూర్తిగా చెప్పనిస్తేగా."

ఇక అందుకున్నారు. అలాంటి ఉపన్యాసం ఆ ఖండంలో ఏ తెలుగువాడూ ఇవ్వలేదంటే నమ్మండి. పతితపావనుడన్న పేరు దేవుడికి ఊరికే రాలేదన్నారు. జైళ్ళు కట్టుకుంటూ పోతే ఇటుకల వాళ్ళు తప్ప ఇంకెవరూ బాగుపడరన్నారు. తెలిసీ తెలియక లోపలికెళ్ళిన పిల్లాడు ఆరితేరి బయటికొస్తాడన్నారు. భాష రాకపోయినా పక్క కొట్టువాడు టైర్లకి గాలి కొట్టడం ఆపి విన్నాడు. మరి పోయినేటి అర్జీ మాటేమిటని ఎవరో గొణిగితే, "అర్జీ వేరు, అబ్బాయి వేరు," అని నోరు మూయించారు.

చివరికి యోగానంద్ గారి మీదికి తిరిగారు.

"మీకేం సార్. మీ జయంత్ పెర్త్ గనుల్లో పెద్ద ఉద్యోగం వెలగబెడుతున్నాడు. పరాయి తల్లి కడుపుకోత మీకెలా తెలుస్తుంది?"

యోగానంద్ గారు మంచినీళ్ళ సీసా ఎత్తి తాగారు. ఖాళీ అయ్యాక కూడా కాసేపు తాగారు.

"ఓటింగు పెట్టండి," అన్నారు.

చేతులు లేచాయి. ఎప్పటిలాగే అటు ఐదు, ఇటు నాలుగు. లక్ష్మీనారాయణ గారు కాగితం సగం నిండేలా సంతకం గిలికి, దాన్ని అధ్యక్షులవారి ముందుకి తోశారు.

"మీదీ ఉండాలి. కమిటీ నిర్ణయం, తప్పదు."

యోగానంద్ గారు సంతకం పెట్టారు. ఆ చెయ్యి వణకడం చూసి, కోపం ఆపుకోలేకపోతున్నాడు పాపం అని అటువైపు ఐదుగురూ ముసిముసిగా నవ్వుకున్నారు.

బయట కారులో యోగానంద్ గారి భార్య సీతాదేవి రెండు గంటల నుంచీ కూర్చునే ఉంది. ఆయన వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నారు. సీటుబెల్టు పెట్టుకోవడానికి మూడుసార్లు పట్టింది.

"ఏమైందండీ?"

"ఐదుకి నాలుగు. చిత్తుగా ఓడిపోయాను."

సీతాదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అయితే దీపావళికి మన జయంత్ ఇంటికొచ్చేస్తాడన్నమాట," అంది.