నాలుగో నిమ్మకాయ

అది 1990 చలికాలం. టూవూంబా అనే ఆస్ట్రేలియా ఊరి శివార్లలోని రేస్ ట్రాక్‌లో క్రిస్ నడుపుతున్న కొత్త కారు గోడను గుద్దుకుంది. ముందు చక్రం ఒకటి ఊడిపోయింది. కాలు విరిగిన క్రిస్ ఆంబులెన్స్ ఎక్కేదాకా ఒకటే మాట అన్నాడు: "నేను బ్రేక్ తొక్కాను, మేట్."

సేఫ్టీ ఇంజనీర్ భార్గవ్ మాత్రం రిపోర్టులో 'తప్పు డ్రైవర్‌దే' అని రాసేశాడు. తెల్లారి అధికారులు వచ్చేదాకా ఆ కారుకు షెడ్డులో ఒక్కడే కాపలా కూర్చున్నాడు.

రాత్రి పదకొండింటికి భార్య శేషుకుమారి షెడ్డుకు ఫోన్ చేసింది.

"కారుతో నిమ్మకాయలు తొక్కించారా?"

"రేస్ కారుకి నిమ్మకాయలేంటి శేషూ? సేఫ్టీ చెక్ అంతా నేనే చేశా."

"మీ చెక్కు సంగతి తెలుస్తూనే ఉంది. బ్యాగులో నాలుగు కాయలున్నాయి. ఇప్పుడైనా పెట్టండి."

ఆమెతో వాదించి గెలిచిన చరిత్ర భార్గవ్‌కు లేదు. మూడు చక్రాల ముందు మూడు కాయలు పెట్టాడు. నాలుగోది చక్రం ఊడిన చోట ఉత్త నేల మీద పెట్టి, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

వెనక పచక్‌మని ఒక కాయ చితికింది. కాసేపటికి రెండోది. ఆ తర్వాత మూడోది.

భార్గవ్ వెనక్కి తిరగలేదు. నాలుగోదానికి భయం లేదు, అక్కడ చక్రమే లేదు కదా అని ధైర్యం చెప్పుకున్నాడు.

పచక్‌మంది.

పెన్ను తీసి, రిపోర్టులో రాసింది కొట్టేసి, 'తప్పు డ్రైవర్‌ది కాదు' అని రాశాడు.

అప్పుడు వెనక కారులో, ఇంతసేపూ ఎవరో తొక్కి పట్టుకున్న బ్రేకు మీంచి మెల్లగా కాలు తీసిన చప్పుడైంది.