అవతలి తలుపు

"ఆ అడ్రసు మార్చెయ్యమ్మా," అన్నాడు రాజగోపాల్, వెనకున్నవాళ్లకు అర్థం కాకుండా తెలుగులో.

అన్నపూర్ణేశ్వరి కంప్యూటర్ తెర మీద నుంచి చూపు తిప్పలేదు.

1994 ఆగస్టు. నోయిడాలో ఒక ట్రస్టు ఆసుపత్రి, మేడమీది గది. యమునకు అవతల ఉన్న బ్లడ్ బ్యాంకుకు కంప్యూటర్ ద్వారా కబురు ఎలా వెళ్తుందో ఆ ఉదయం చూపించాలి. ట్రస్టు చైర్మన్, ఇద్దరు పెద్ద డాక్టర్లు కుర్చీల్లో కూర్చున్నారు. ఈ పని చేజారితే ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లో రాజగోపాల్ పెట్టిన చిన్న కంపెనీ మూతపడుతుంది. ప్రోగ్రాము మొత్తం రాసింది అన్నపూర్ణేశ్వరే.

కబురు టైపు చేయడం అయింది. 'ఓ నెగటివ్ రక్తం కావాలి, నాలుగు ప్యాకెట్లు, అత్యవసరం.' దాని కింద అవతలి మెషీన్‌ని పిలుస్తున్నట్టు ఒకే వాక్యం పదేపదే వస్తోంది. జవాబు లేదు.

బ్లడ్ బ్యాంకులో కరెంటు పోయి ఉంటుంది. అక్కడ తమ మనిషి నవదీప్ ఉన్నాడు గానీ, కనుక్కోవడానికి ఫోను లేదు. తెల్లవారుజామున పిడుగు పడి ఆసుపత్రి టెలిఫోన్ బోర్డు కాలిపోయింది. కంప్యూటర్ కోసం వేయించిన లైను వేరు కాబట్టి అదొక్కటే మిగిలింది.

రాజగోపాల్ వంగి, మళ్లీ చెవిలో చెప్పాడు. కబురు వెళ్లాలంటే అవతలి మెషీన్ నంబరు, అందులో ఏ తలుపు తట్టాలో ఆ నంబరు ఇవ్వాలి. అవి తీసేసి ఈ మెషీన్ నంబరే ఇస్తే, పంపింది ఇక్కడే, ఈ తెర మీదే పక్క కిటికీలో తేలుతుంది. జవాబు కూడా తామే కొట్టుకోవచ్చు. చైర్మన్‌కి తెర మీద అక్షరాలు కదిలితే చాలు, అవి యమున దాటాయో లేదో ఎవరు చూడొచ్చారు?

"అడ్రసు అదే ఉండనివ్వండి సార్," అంది ఆమె మెల్లగా. "అది అక్కడికే వెళ్లాలి."

"చూపించడానికే కదమ్మా!"

ఆమె కీబోర్డు వదిలేసింది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

రాజగోపాల్‌కి ఒళ్లు మండింది. అసలు ఈ పిలుపు గోలే అతనికి మొదటినుంచీ నచ్చలేదు. తలుపు తీసేవాళ్లు లేకపోతే ఏ ప్రోగ్రామైనా కుదరలేదని చెప్పి ఆగిపోతుంది. ఈమె రాసింది అలా ఆగదు. కబుర్ని డిస్కులో భద్రంగా దాచి, అవతలి తలుపు తెరుచుకునేదాకా తడుతూనే ఉంటుంది. అంత ఓపిక మెషీన్‌కి ఎందుకని అతను ఎన్నోసార్లు వాదించాడు. ఆమె ఎదురు చెప్పేది కాదు, కోడ్ మాత్రం మార్చేది కాదు.

చైర్మన్ లేచి నిలబడ్డాడు. మరోసారి చూద్దాంలెమ్మన్నాడు హిందీలో, మర్యాదగానే. ఆ మర్యాదతోనే పని చేజారిందని రాజగోపాల్‌కి అర్థమైంది.

అన్నపూర్ణేశ్వరి కూడా లేచింది. అవతల కరెంటు పోయి ఉంటుందని, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కరెంటు వచ్చి అక్కడి మెషీన్ తన తలుపు తెరిచిన క్షణాన కబురు దానంతటదే వెళ్తుందని, ఇక్కడ ఎవరూ ఏ మీటా నొక్కనక్కర్లేదని అంది. కీబోర్డు తీసి చైర్మన్ ముందున్న బల్ల మీద పెట్టింది.

"దయచేసి కూర్చోండి సాబ్."

ఏమనుకున్నాడో, ఆయన కూర్చున్నాడు. టీ వచ్చింది. బయట వాన కురుస్తూనే ఉంది. తెర మీద అదే వాక్యం. రాజగోపాల్ కిటికీ దగ్గరికి వెళ్లి, కొత్త ఉద్యోగానికి ఎవరిని అడగాలా అని ఆలోచించసాగాడు.

వెనక ఎవరో "అరే" అన్నారు.

తెర మారింది. కలిసిందని ఒక వరస, కబురు అందిందని మరో వరస. కాసేపటికి అవతలినుంచి జవాబు: 'నాలుగు ప్యాకెట్లు పంపుతున్నాం.'

కీబోర్డు చైర్మన్ ముందే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. ఆయన దాన్నీ తెరనీ మార్చి మార్చి చూసి, చిన్నగా చప్పట్లు కొట్టాడు. డాక్టర్లు ఆమె చుట్టూ చేరారు. మధ్యలో ఇక్కడే కరెంటు పోతే కబురు పోదా అని ఒకాయన అడిగాడు. పోదని, డిస్కులో ఉంటుందని, మెషీన్ లేవగానే మళ్లీ బయల్దేరుతుందని ఆమె ఓపిగ్గా వివరించింది. మాట్లాడుతున్నంతసేపూ చూపు గుమ్మం వైపు పోతోంది.

చైర్మన్ ఒప్పుకున్నాడు. ప్రోగ్రాము ఎవరి తెలివి అని అడిగితే, రాజగోపాల్ తన పేరు కలుపుకోలేదు. అంతా ఈ అమ్మాయిదేనని, తాను వద్దన్నవే ఇవాళ కాపాడాయని చెప్పాడు. పెద్దవాళ్లంతా వెళ్లేదాకా ఆగి ఆమె దగ్గరికొచ్చాడు.

"నాకింత ధైర్యం లేదమ్మా. నీ రాత మీద నీకు ఎంత నమ్మకం!"

ఆమె ఏదో అనబోయింది. అంతలో తడిసి ముద్దయిన డ్రైవరు ఒకడు ఐసు పెట్టెతో గుమ్మంలో నిలబడి, ఓ నెగటివ్ ఎవరికివ్వాలని అడిగాడు.

రాజగోపాల్ నొచ్చుకున్నాడు. పాపం, ఈ వానలో అంత దూరం. "మాఫ్ కరో భయ్యా, అది ఉత్త డెమో," అంటూ ఎదురెళ్లాడు.

అప్పటికే అన్నపూర్ణేశ్వరి పెట్టె అందుకుని మెట్లవైపు పరిగెడుతోంది.

"డెమో కాదు సార్. కింద ఆపరేషన్ థియేటర్లో బాలింతకి నెత్తురు ఆగడంలేదు. ఫోన్లు లేక డాక్టరమ్మ పొద్దున్నే నా దగ్గరికొచ్చింది!"