పేరు చెప్పి వాయించాలి

“ఎవరి దగ్గర నేర్చుకున్నావో పేరు చెప్పి మొదలుపెట్టవే రెవా,” అంది మైకు పట్టుకున్న గార్నెట్ పిన్ని.

రెవా మల్లిన్స్ ఫిడేలు మీద ఆనించబోయిన కమానును మళ్లీ దించేసింది.

పిన్ని అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఈ కొండల్లో ఏటా చర్చి ఆవరణలో జరిగే కూడికలో ఎవరు వాయించినా ముందు ఆ పేరు చెప్పాల్సిందే. పొద్దుటి నుంచి అందరూ చెప్పారు. ఒకావిడ మేనమామ పేరు చెప్పింది. ఒకాయనైతే జైల్లో పక్క గదిలో ఉన్నవాడి పేరు చెప్పాడు, జనం అతనికీ చప్పట్లు కొట్టారు. ఇక్కడ దొంగ దగ్గర నేర్చుకున్నా తప్పులేదు, పేరు మింగేస్తేనే తప్పు.

“ఇది కాదులే పిన్నీ, వేరేది వాయిస్తాను.”

“చాల్లే నీ బెట్టు! దేశమంతా పాడుకుంటున్న పాట సొంతూళ్లో వినిపించవా?”

“ఆ బాణీ తనే కట్టిందట కదా, ఇంకెవరి పేరు చెబుతుంది?” అని వెనక నుంచి ఎవరో అరిచారు. “నా బుర్రలోంచి ఊడిపడిందని చెప్పెయ్యమ్మా!”

అందరూ నవ్వారు.

ఆమె మొదటి రికార్డు అట్ట మీద ‘మాటలు, బాణీ, గానం, అన్ని వాయిద్యాలూ రెవా మల్లిన్స్’ అని ఉంటుంది. అడిగిన ప్రతి విలేకరికీ ఆమె ఒకటే కథ చెప్పింది. జోరువానలో కారు ఆపుకుని కూర్చుంటే బాణీ దానంతటదే వచ్చిందని! ఇరవై ఏళ్లుగా చెప్పీ చెప్పీ ఆ వాన ఎంతసేపు కురిసిందో కూడా చెప్పే స్థితికి వచ్చింది. ఆ ఇరవై ఏళ్లూ ఏదో ఒక వంకతో ఈ కూడికను ఎగ్గొట్టింది కూడా.

ముందు వరసలో, తన చేత్తో అల్లుకున్న కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు చిన్నప్పటి పక్కింటి ఎస్టిల్ తాత. ఎనభై ఆరేళ్ల మనిషి. ఒళ్లో చిక్కుడుగింజల పులుసు, మొక్కజొన్న రొట్టె ఉన్న పళ్లెం. తల పైకెత్తడం లేదు. ఇందాక రెవా పలకరించబోతే పళ్లెం పట్టుకుని అవతలి బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు. నా మొహం చూడ్డానికే అసహ్యం వేస్తోంది కాబోలు అనుకుంది రెవా. చూడకపోవడమే న్యాయం అని కూడా అనిపించింది.

ఫిడేలు కిందకు దించింది.

“మాటలు నావే,” అంది పిన్ని పట్టుకున్న మైకులో. “బాణీ నాది కాదు. వాన కథంతా అబద్ధం.”

నవ్వులు ఆగిపోయాయి.

“నాకు పదేళ్లప్పుడు ఎస్టిల్ తాత అరుగు మీద కూర్చుని నేర్చుకున్నాను. తాత బాంజో మీద వాయించుకునేవాడు. ఎవరిది తాతా అంటే ‘ఎవరిదోలే’ అనేవాడు. ఆయన సొంతమే అయ్యుంటుందని అనుకున్నాను. బయట ఎక్కడా వాయించడు కదా, ఎవరికి తెలుస్తుందిలే అని నా పేరు పెట్టేసుకున్నాను. నాకు సిగ్గు లేకపోయింది తాతా.”

“ఎంత పని చేసిందమ్మా!” అంది ఎవరో ఆడమనిషి. గార్నెట్ పిన్ని మొహం తిప్పుకుంది. రెవాకు అక్కడే భూమిలోకి కుంగిపోతే బాగుండునని అనిపించింది.

ఎస్టిల్ తాత పళ్లెం కింద పెట్టి, కర్ర ఊతంతో లేచి వేదిక ఎక్కాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి.

“తిట్టు తాతా,” అంది రెవా తల వంచుకుని.

“తిట్టడానికి నాకు మొహమేదే?” అన్నాడు ఆయన. “నీకెక్కడ గుర్తుందోనని నేనే పొద్దుటి నుంచి తప్పించుకు తిరుగుతున్నా.”

గార్నెట్ చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

“నేనెందుకు బయట వాయించలేదో తెలుసా? వాయిస్తే పేరు చెప్పాలి. నలభై దాటినవాణ్ణి, మూడు కౌంటీల్లో బాంజోకు నన్ను మించినవాడు లేడని పేరు. ఆ పేరు చెప్పడానికి నామోషీ అనిపించింది.”

గొంతు సవరించుకుని, పద్ధతి ప్రకారం జనం వైపు తిరిగాడు.

“ఈ బాణీ నేను మా పక్కింటి పాప దగ్గర నేర్చుకున్నాను. మా కోళ్లకు గింజలు వేస్తూ కూనిరాగం తీసేది. దానికప్పుడు మూడేళ్లు. పేరు రెవా మల్లిన్స్.”